పేరు వచ్చినవాళ్ళు బయటికి

మా గుడిలో ఒక పద్ధతి ఉంది. సంఘపెద్దను గానీ, కోశాధికారిని గానీ, ఆఖరికి క్రిస్మస్ విందుకు వంట చూసుకునే మనిషిని గానీ ఎన్నుకునేటప్పుడు, ఎవరి పేరు ప్రతిపాదించారో వాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోవాలి. గేటు పక్కన, దారిన పోయేవాళ్ళ కోసం పెట్టిన నీళ్ళకుండల అరుగు ఉంది. రంగూన్‌లో ఏ వీధికి వెళ్ళినా అలాంటిది ఒకటి కనిపిస్తుంది. పేరు వచ్చినవాళ్ళు ఆ కుండల దగ్గర నిలబడాలి. లోపల చేతులెత్తడం, లెక్కపెట్టడం అయ్యాక ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి రమ్మని చెయ్యి ఊపుతారు. గెలిచిందీ లేనిదీ మేం నోరు తెరవక ముందే మా ముఖాలు చూసి తెలుసుకుంటారు.

ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. మా తాతల తరం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడలెక్కి వచ్చి, రేవులో బస్తాలు మోసి, పజుండౌంగ్ పేటలో ఈ చిన్న బాప్టిస్టు గుడి కట్టుకున్న నాటి నుంచీ ఉందంటారు. తనకు తాను ఓటేసుకోవడం సిగ్గుమాలిన పని అన్నది దాని సారం. నేను చాలా ఏళ్ళుగా ఆ గుడికి కార్యదర్శిని. మినిట్స్ పుస్తకం నా దగ్గరే ఉంటుంది. పద్ధతి తప్పితే నాకు ఒళ్ళు మండుతుంది. ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. రేవు పక్కన సేక్కాన్‌లో, ఓడల సరుకులకు కాగితాలు తయారుచేసే ఒక ఆఫీసులో టైపిస్టుని. ఒక్క అక్షరం తేడా వస్తే పెట్టె రేవు దాటదు.

సైన్యం పాలన వచ్చాక మా ఊళ్ళో ఓటు అన్న మాట ఎవరూ గట్టిగా అనరు. టీ దుకాణంలో ఎవరైనా ఆ మాట ఎత్తితే పక్కవాడు బల్ల మీద వేలితో కొట్టి, టీ చల్లారిపోతోందంటాడు. అందుకేనేమో, గుడిలో ఏడాదికోసారి లేచే ఆ ముప్ఫై నలభై చేతులంటే మాకు అంత పట్టింపు.

నా చెల్లెలు ఇంగ్లండులో ఒక జిల్లా కౌన్సిల్‌లో సభ్యురాలు. ముసలివాళ్ళ సంరక్షణ గృహంలో పనికని వెళ్ళింది. అక్కడే స్థిరపడింది, అక్కడి పౌరురాలయింది. కౌన్సిల్ అంటే మా వాళ్ళు ఏదో పెద్ద దర్బారు అనుకున్నారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. తీరా అడిగితే చెత్తబుట్టలు, పార్కులు, ఇళ్ళ ప్లాన్లు, కార్లు నిలుపుకునే స్థలాలు, ఊరి మరుగుదొడ్లు. అదీ వాళ్ళ సామ్రాజ్యం.

చెల్లి రాజకీయాల్లోకి వచ్చిందే మరుగుదొడ్ల వల్ల. వాళ్ళ ఊళ్ళో బస్టాండు పక్కన ఒక పాత మరుగుదొడ్డి ఉంది. దాన్ని మూసేస్తామని కౌన్సిల్ అంది. అది మూస్తే తాను చూసుకునే ముసలమ్మలు ఇక ఊళ్ళోకి రారని చెల్లికి తెలుసు. బజారుకు రావాలని వాళ్ళకెంత ఆశో, దారిలో ఇబ్బంది పడతామేమోనని అంత భయం. ఆ ముసలమ్మల సంతకాలు పోగుచేసింది, కౌన్సిల్ మెట్ల మీద నిలబడింది, తర్వాతి ఎన్నికల్లో తానే నిలబడి గెలిచింది. మూసివేత అప్పటికి ఆగింది. పజుండౌంగ్ పిల్ల సముద్రాలు దాటి వెళ్ళి దొడ్ల కోసం యుద్ధం చేస్తోందని నేను ఆటపట్టించేదాన్ని. చెల్లి నవ్వేది గానీ, ఒక్క అంగుళం వెనక్కి తగ్గేది కాదు.

ఆ మధ్య జరిగిన ఎన్నికల్లో వాళ్ళ కౌన్సిల్ ఎవరి చేతికీ చిక్కలేదు. మొత్తం ముప్ఫై తొమ్మిది మంది. ఇన్నాళ్ళూ ఏలిన పార్టీకి పంతొమ్మిది వచ్చాయి. చెల్లి పార్టీకి పదిహేడు. మిగిలిన ముగ్గురూ ఏ పార్టీకీ చెందనివాళ్ళు. పాత పార్టీ మళ్ళీ వస్తే బస్టాండు మరుగుదొడ్డికి తాళం పడటం ఖాయం. వాళ్ళ ఎన్నికల కాగితంలోనే ఆ మాట ఉంది. పది రోజులపాటు ఆ ముగ్గురి ఇళ్ళ చుట్టూ రెండు పార్టీలవాళ్ళూ తిరిగారు. చివరికి ముగ్గురూ చెల్లి వైపు వచ్చారు. ఒక్కటే షరతు పెట్టారు, చెల్లే నాయకురాలిగా ఉండాలని. ఈవిడ చెప్పింది చేస్తుందని వాళ్ళ నమ్మకం.

ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు దాని గొంతు చిన్నప్పటిలా పల్చగా ఉంది.

"అక్కా, ట్వెంటీ వచ్చీసారు. వాళ్ళు నైంటీన్. ఇంకేటి కావాలి?"

"నీతో కలిపా, నువ్వు కాకుండానా?" అన్నాను. నాకు లెక్క ముందు.

"నాతో కలిపే."

"అయితే నీకు నువ్వే సెయ్యెత్తుకుంటావేటే?"

ఆటపట్టించాలనే అన్నాను. అయినా ఆ మాటలో గుడి గంట మోగిందని నాకే తెలిసింది. "ఇక్కడ అందరూ ఎత్తుకుంటారక్కా. ఎవరూ తప్పనుకోరు" అంది చెల్లి. అని వేరే సంగతి ఎత్తింది.

కౌన్సిల్ వార్షిక సమావేశం వాళ్ళకు ఉదయం పదిన్నరకు, మాకు సాయంత్రం నాలుగింటికి. దాన్ని ఇంటర్నెట్‌లో అందరూ చూడొచ్చు. మా పేటలో ఆ వేళకు కరెంటు ఉండే వంతు కాదు. ఆఫీసులో జనరేటర్ ఉంది కాబట్టి మా యజమానిని అడిగి తాళం తీసుకున్నాను. గుడిలో అందరికీ ముందే చెప్పేశాను, ప్రార్థన కూడా చేయించాను. చూడ్డానికి మాత్రం పెద్దమ్మ ఒక్కతే వచ్చింది. మా అమ్మకు అక్క. గుడిలో ఆమె కన్నా పెద్దవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మోకాళ్ళు పనిచేయకపోయినా సైక్కా రిక్షా ఎక్కి, సెంటు రాసుకుని, గుడికి కట్టే తెల్ల చీరలో వచ్చింది. నేను ఫ్లాస్కులోంచి పచ్చ టీ పోసిచ్చాను.

తెర మీద ఒక పొడవాటి గది. గోడల మీద పాతకాలపు పెద్దమనుషుల బొమ్మలు. ముందు ఒక ముసలాయనను సభాధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. అందరికన్నా ఎక్కువ కాలం సభ్యుడిగా ఉన్నవాడికి ఆ గౌరవం ఇవ్వడం వాళ్ళ ఆనవాయితీట. ఆయన పాత పార్టీ మనిషే, అయినా రెండు వైపులవాళ్ళూ ఒప్పుకున్నారు. మెడలో ఒక బరువైన గొలుసు వేశారు. ఓట్లు సమానమైతే ఆయన మరో ఓటు వేయొచ్చు. ఆ నియమం నేను ముందే చదువుకున్నాను. ఇరవైకీ పంతొమ్మిదికీ సమానం ఎక్కడొస్తుందని దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

"మన పిల్ల ఎక్కడ?" అంది పెద్దమ్మ.

రెండో వరసలో, నీలం కోటులో ఉంది. జుట్టు బిగించి ముడివేసుకుంది. ఆ ముడి మా అమ్మది. పక్కన వాళ్ళ పార్టీలో చెల్లి తర్వాతివాడు, బట్టతల మనిషి, కాగితం మీద ఏదో చూపిస్తున్నాడు. చెల్లి తలూపుతోంది. ఆ తలూపడం చూస్తే, మాట వింటున్నట్టు నటిస్తోందని నాకు తెలిసిపోయింది.

నాయకత్వానికి పేర్లు అడిగారు. బట్టతల మనిషి లేచి చెల్లి పేరు చెప్పాడు. ఏ పార్టీకీ చెందని ఆ ముగ్గురిలో ఒకావిడ బలపరిచింది. అటువైపు నుంచి ఇంకొకాయన పేరు వచ్చింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకున్నాడు. గొలుసు ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని, చెల్లి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, కష్టపడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఈవిడకు అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

చెల్లి లేచింది. కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి నెట్టింది. కోటు సర్దుకుంది. తల కొంచెం వంచుకుని, వరసల మధ్య నుంచి నడిచి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

నా చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాలని కూడా తోచలేదు.

పెద్దమ్మ మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుంది. "సూసేవా?" అంది. "ఎన్నేళ్ళయినా మరవనేదు. మన గుడి పిల్ల అనిపించుకుంది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తెర మీద చేతులు లేచాయి. బట్టతల మనిషి ఒక చెయ్యి ఎత్తి, మెడ తిప్పి తలుపు వైపు చూస్తున్నాడు. ఏదో అత్యవసరమై వెళ్ళిందనుకున్నాడో ఏమో. పక్కవాళ్ళ చెవిలో ఏదో అన్నాడు. వాళ్ళలో ఒకమ్మాయి లేవబోయింది. చెయ్యి దించితే లెక్క పోతుందని భయపడి మళ్ళీ కూర్చుంది. గుమాస్తా లెక్కపెట్టాడు. పంతొమ్మిది. రెండో పేరు చదివారు. కాళ్ళు చాపుకున్న ఆయన అందరికన్నా ముందు తన చెయ్యి ఎత్తాడు.

"ఓలమ్మో, ఆడు సూడు! ఆడికాడే ఎత్తుకున్నాడు!" పెద్దమ్మ చెంప మీద చెయ్యి వేసుకుంది. "సిగ్గునేదు ముండాకొడుక్కి."

అటూ పంతొమ్మిదే. గదిలో కలకలం రేగింది. బట్టతల మనిషి లేచి నిలబడి ఒక్క నిమిషం ఆగమన్నాడు. ఓటింగ్ మొదలయ్యాక ఆపడం కుదరదని, గదిలో లేని సభ్యుల ఓటు లెక్కలోకి రాదని గుమాస్తా పుస్తకం తెరిచి చదివాడు. గొలుసు ముసలాయన కాసేపు రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన సంతోషంగా ఏమీ లేడు. తర్వాత తన రెండో ఓటు తన పార్టీకే వేశాడు. నేను ఆ కుర్చీలో ఉన్నా నియమం చూసుకుని అదే చేసేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చెల్లి తలుపు తెరుచుకుని లోపలికి వచ్చే వేళకు అటువైపువాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. అది గుమ్మంలో ఆగి ముఖాలు చూసింది. మా గుడిలో లాగే.

"ఏటయింది? మన పిల్లేనా నెగ్గింది?" అని పెద్దమ్మ అడిగింది. కాదని చెప్పాను. ఎందుకో వివరించాను. ఒక్క చెయ్యి తక్కువైందని, ఆ చెయ్యి దానిదేనని, ఇక నాలుగేళ్ళు వాళ్ళదే రాజ్యమని. పెద్దమ్మ టీ కప్పు బల్ల మీద పెట్టింది. "పోతే పోనీ. మర్యాద నిలబెట్టుకుంది" అంది. ఆమెను సైక్కా ఎక్కించి పంపేశాను. ఆఫీసుకు తాళం వేసి, రేవు గోడ పక్కన బస్సు కోసం నిలబడితే అప్పుడు నాకు ఏడుపొచ్చింది. చెల్లి ఓడినందుకు కాదు. అది ఎందుకు లేచి వెళ్ళిందో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు గనక.

చెల్లికి పదిహేడేళ్ళప్పుడు మా గుడి యువజన సంఘానికి ఎన్నిక జరిగింది. అప్పటికి ఆ సంఘానికి నేను కార్యదర్శిని. చెల్లి పేరు వచ్చింది, ఇంకొకరి పేరూ వచ్చింది. ఆ ఇంకొకరు బయటికి వెళ్ళారు. చెల్లి వెళ్ళలేదు. తన పేరు పిలిచినప్పుడు కూర్చున్నచోటే కూర్చుని చెయ్యెత్తింది. దానికి ఆ పదవి అంత కావాలి. ఊరి శివారు లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలకు వెళ్ళే మా అమ్మాయిలకు ఆదివారం చదువు చెప్పించాలని అప్పటికే ఏదో పథకం వేసుకుంది. ఆ చేతితో కలిపితే దానికి ఒక్కటి ఎక్కువ వచ్చింది.

నేను కలం కింద పెట్టి, లేచి, అందరూ చూస్తుండగా దాని దగ్గరికి వెళ్ళాను. మణికట్టు పట్టుకుని ఆ చెయ్యి కిందికి దించాను. "నీకు నువ్వే ఎత్తుకుంటావేటే? సిగ్గునేదూ?" అన్నాను. బయటికి పొమ్మన్నాను. అది వెళ్ళి కుండల దగ్గర నిలబడింది. మళ్ళీ లెక్కపెట్టాం. సమానమైంది. చీటీ తీశాం, పదవి ఇంకొకరికి పోయింది. ఇదంతా చక్కటి దస్తూరీతో మినిట్స్‌లో రాశాను. పద్ధతి కాపాడానని ఆ రోజు నాకు గర్వంగా కూడా ఉంది. చెల్లి నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ ఆదివారం చదువు మాత్రం ఎప్పటికీ మొదలవలేదు.

మర్నాడు అదే ఫోన్ చేసింది. ముందు పెద్దమ్మ మోకాళ్ళ గురించి అడిగింది. తర్వాత తానే చెప్పింది.

"గ్రూప్ మీటింగ్‌లో ఎన్నిసార్లు సెప్పేరో అక్కా. నువ్వు కూడా ఎత్తాలి, మర్చిపోకూ అని. ప్రాక్టీస్ కూడా సేయించేరు. నవ్వుకున్నాం. ఆ ముసలాయన పేరు సదివేడు. అంతే, కాళ్ళు లేచిపోనాయి. కారిడార్‌లో నిలబడి చుట్టూ సూసేను. కుండలు కనబడనేదు. అప్పుడు గుర్తొచ్చింది నానెక్కడున్నానో."

"వెంటనే లోపలికి పోకపోయేవా?"

"పిలవకుండా ఎలగ వస్తాను?" అంది. ఆ మాట అన్నాక తనే నవ్వింది. ఆ నవ్వు వినడం నాకు కష్టమైంది.

అప్పుడు క్షమాపణ అడిగేశాను. "ఆ రోజు గుడిలో నీ సెయ్యి దించేను. తప్పు సేసేను. సెమించు" అన్నాను. లైను పోయిందేమోనని ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి చూసుకున్నాను.

"కుడి సెయ్యి అక్కా," అంది చెల్లి. అంతకు మించి ఏమీ అనలేదు.

వాళ్ళ పార్టీవాళ్ళు దాన్ని తిట్టలేదు. మర్యాదగానే ఉన్నారు. కొన్ని వారాలకు మర్యాదగానే పార్టీ నాయకత్వం బట్టతల మనిషికి ఇచ్చారు. చలికాలం రాకముందే చెల్లి ఒక ఫొటో పంపింది. బస్టాండు పక్కన ఆకుపచ్చ తలుపు, దానికి కొత్త తాళం, దగ్గర్లో ఇంకో మరుగుదొడ్డి ఎక్కడా లేదని చెప్పే ఒక కాగితం. ఫొటో కింద ఏమీ రాయలేదు. దాని ముసలమ్మల్లో ఒకామె ఇప్పుడు బజారుకు రావడం మానేసిందని తర్వాత ఎప్పుడో మాటల్లో అంది.

ఆ తర్వాతి ఆదివారాల్లో ఒకనాడు మా గుడి వార్షిక సమావేశం వచ్చింది. జీవితంలో మొదటిసారి నేను కార్యదర్శి బల్ల వదిలి, ముందుకు వచ్చి, ఒక తీర్మానం పెట్టాను. పేరు వచ్చినవారు ఇకమీదట కూర్చున్నచోటే కూర్చోవచ్చు, ఇష్టమైతే తమకు తాము చెయ్యెత్తుకోవచ్చు. అంతే తీర్మానం. ఎందుకు పెడుతున్నానో కూడా చెప్పాను. ఇదే గదిలో, ఆ కిటికీ పక్కన, నా చెల్లి చెయ్యి నేను ఎలా దించానో చెప్పాను. అప్పుడు ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు.

కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. పెద్దమ్మ కర్ర మీద చెయ్యి పెట్టి, లేవకుండానే మాట్లాడింది.

"సెయ్యి దించింది నువ్వు. పద్దతి దించనేదు. నీ తప్పుకి పద్దతినెందుకు తీసేస్తావు?"

ఆమె అన్నది నిజం. ఆ రోజు నేను కూర్చున్నచోటి నుంచి మెల్లగా బయటికి వెళ్ళమని చెప్పి ఉండొచ్చు. మళ్ళీ లెక్కపెట్టింది మాత్రమే రాసుకుని ఊరుకుని ఉండొచ్చు. మణికట్టు పట్టుకోమని ఏ పద్ధతీ చెప్పలేదు. అది నేను నా అంతట నేను చేసింది.

అయినా తీర్మానం వెనక్కి తీసుకోలేదు. పాస్టరు గారు చదివి వినిపించారు. అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు.

నేను ఎత్తాను. కుడి చెయ్యి. చుట్టూ చూశాను. బెంచీల మీద ముప్ఫై మందికి పైగా ఉన్నారు, అందరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. పెద్దమ్మ నన్నే చూస్తోంది, కోపంగా కాదు. నా చెయ్యి ఒక్కటే గాలిలో ఉంది. సిగ్గేసింది, చెవులు వేడెక్కాయి. పదిహేడేళ్ళ పిల్ల ఇంతమందిలో ఇలా చెయ్యెత్తి కూర్చోవడానికి ఎంత ధైర్యం కావాలో అప్పటిదాకా నాకు తెలియదు. భుజం లాగేస్తున్నా అలాగే ఉంచాను. నా చెయ్యి దించడానికి ఎవరైనా లేచి వస్తారేమోనని చూశాను. ఎవరూ రాలేదు.

లెక్కపెట్టి పుస్తకంలో రాయాల్సింది కార్యదర్శే. అనుకూలం ఒకటి అని రాయాలంటే కలం పట్టుకోవాలి. ఆ చెయ్యి నేనే దించుకున్నాను.